పంపినవారు, పంపబడినవారు

అంతియొకయలోని సంఘము ఉపవాసముండి ప్రార్థించి, తన బోధకులలో శ్రేష్ఠులైన ఇద్దరిని దూరదేశమునకు పంపెను. అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయమును చదువునప్పుడెల్ల మన చూపు సెలూకయ రేవున ఓడ యెక్కిన బర్నబా సౌలుల వెంటనే పోవును. వారిమీద చేతులుంచి సాగనంపి, తిరిగి తమ పనిపాటలకు మరలిన సంఘస్థులను మనము అంతగా తలంచము. అయినను ఆ ప్రయాణము ఆ సంఘముది. తిరిగివచ్చిన తరువాత ఆ ఇద్దరును సంఘమును సమకూర్చి, దేవుడు తమకు తోడైయుండి జరిగించిన కార్యములన్నియు వివరించిరని 14వ అధ్యాయము చివర చదువుచున్నాము. పంపిన సంఘము, వెళ్లిన సేవకులు, తిరిగివచ్చి ఒప్పగించిన లెక్క: ఈ మూడును కలిసినదే మిషనెరీ ప్రయాణము. వీటిలో ఏ ఒక్కటి లోపించినను అది దేశాటనమే గాని సేవ కాదు.

ప్రియ చదువరులారా, ఈ మాట మన పల్లె సంఘములకు నేడు ఎందుకు కావలెనో చెప్పెదను. హైదరాబాదునకు ఉత్తరముగా రెండు పెద్ద బాటలు పోవుచున్నవి. ఒకటి మేడ్చల్ మీదుగా నాగపూరు వైపునకు. రెండవది షామీర్‌పేట మీదుగా కరీంనగరము వైపునకు. ఒకప్పుడు ఈ బాటల వెంట మన పెద్దలు కూరగాయలను, జొన్నలను పట్నము అంగడికి తీసికొనిపోయెడివారు. నేడు ఇవే బాటల మీద మన యౌవనస్థులు పాస్‌పోర్టు చేతబట్టుకొని శంషాబాదు విమానాశ్రయమునకు పోవుచున్నారు. కొందరు కూలికి, కొందరు చదువునకు. మరికొందరు సంఘ యువజన బృందములతో కలిసి సువార్త నిమిత్తము రెండు వారములకో, రెండేండ్లకో అన్యదేశములకు పోగోరుచున్నారు. మేడ్చల్ రోడ్డున, జీడిమెట్ల గ్రామమున లోగోస్ భవన్ అను పేరును మనలో అనేకులు చూచియున్నారు. అది మొదట ఒక ఓడ పేరు. ఆ ఓడ సంగతి ముందు చెప్పెదను.

"అయ్యగారూ, మా పిలగాడు దేవుని పనికని దేశంగాని దేశం పోతనంటుండు. పంపాల్నా, వద్దా? మన ఊళ్లె చేసే పనే లేదా?" అని ఒక తల్లి నన్నడిగినది. ఆమె ప్రశ్న న్యాయమైనది. అందులో అవిశ్వాసము లేదు. కన్నతల్లి భయమును, రెక్కాడితే గాని డొక్కాడని ఇంటి లెక్కయు ఉన్నవి. అట్టి ప్రశ్నకు వట్టి ఉపదేశముతో జవాబు చెప్పరాదు. మనకు ముందుగా పోయినవారి చరిత్రను చూచి చెప్పవలెను.

మనయొద్దకు వచ్చినవారు

మనము విదేశములకు పోవుటకు ముందు విదేశీయులు మనయొద్దకు వచ్చిరి. వారిని పంపిన తలంపు పుట్టినది యౌవనస్థుల ప్రార్థనలోనే. 1806వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రములో విలియమ్స్ కళాశాల విద్యార్థులు ఐదుగురు పొలములో ప్రార్థనకు కూడియుండగా గాలివాన పట్టుకొనెను. వారు గడ్డివామి చాటున చేరి, ఆసియా ఖండమునకు సువార్త నెట్లు పంపవలెనో మాటలాడుకొని ప్రార్థించిరి. ఆ ప్రార్థన ఊరకపోలేదు. 1810లో ఆ దేశపు మొదటి విదేశ మిషను సంఘము ఏర్పడెను. 1812లో దాని మొదటి మిషనెరీలు కలకత్తాకు ఓడ యెక్కిరి. వారిలో ఒకడైన అదోనీరాము జడ్సను బాప్తిస్టు మతము నవలంబించి బర్మాకు పోయెను. ఆయన మూలముగా అమెరికా బాప్తిస్టులు మేల్కొని తమ మిషనును స్థాపించుకొనిరి. వారే 1836లో శామ్యూల్ డే దొరగారిని తెలుగువారియొద్దకు పంపిరి. ఆయన 1840లో నెల్లూరు చేరెను.

తరువాత నడిచిన కథ మన సంఘములలో అనేకులకు తెలిసినదే. ఏండ్లు గడిచినను ఫలము కానరాలేదు. ఆ మిషనును మూసివేయవలెనని పంపినవారు పలుమారులు తలంచిరి. మూసివేయక నిలిపిరి. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చెను. క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకమున కొంతభాగము పనికి ఒప్పుకొని, ఆకలిగొన్నవారికి కూలి దొరుకునట్లు చేసెను. 1878 జూలై 3వ తేదీన ఒంగోలునకు సమీపమున వెల్లంపల్లి యొద్ద ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అయితే ఆనాడు నీటిలోనికి దిగి బాప్తిస్మమిచ్చినవారు దొరగారు కారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరి తరువాత ఇద్దరుగా వంతులు తీసికొని ఇచ్చిరి. ఈ సంగతిని గట్టిగా జ్ఞాపకముంచుకొనుడి. మన సంఘము దాని తొలి తరములోనే పుచ్చుకొను చెయ్యి మాత్రమే గాక, ఇచ్చు చెయ్యియు కలదిగా నుండెను.

మన ప్రక్కనే మరియొక సాక్ష్యమున్నది. 1895లో ఛార్లెసు వాకర్ పాస్నెట్ అను వెస్లియన్ యువకుడు ఇంగ్లండు నుండి సికింద్రాబాదునకు వచ్చి, అచ్చటనుండి మెదకు సీమకు పోయెను. ఆయన కరవుకాలమున ఊరక భిక్ష వేయక, పని చూపి తిండి పెట్టెను. ఆ పనిలో లేచినదే మెదకు దేవాలయము. అది 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. పాస్నెట్ గారు మెదకును చూచిపోవుటకు రాలేదు. తన యౌవనమును ముదిమిని కూడ ఈ నేలకే ఇచ్చెను.

జాఫ్నాలో కలిగిన సిగ్గు

వచ్చినవారి కథ ఇట్టిది. ఇక పోయినవారి కథను చూతము. మన దేశపు క్రైస్తవులలో పంపవలెనను తలంపు బలముగా లేచుటకు ఒక సిగ్గు కారణమాయెను. తిరునల్వేలి సీమకు చెందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు యౌవనమున వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేయుచుండిరి. 1902లో ఆయన సింహళ ద్వీపములోని జాఫ్నాకు పోయిరి. అచ్చటి తమిళ క్రైస్తవ యువకులు చిన్న సంఘముగా కూడి, తమ చేతి సొమ్ముతో సముద్రము దాటించి మన దేశమునకే సువార్తికుని పంపుచుండిరి. ఇది చూచిన అజరయ్యగారికి మనస్సులో ములుకు నాటినట్లాయెను. తిరునల్వేలి సంఘము వయస్సున నూరేండ్లు దాటినది. జనమున్నారు, దేవాలయములున్నవి, పాఠశాలలున్నవి. అయినను తమ ఎల్ల దాటి ఎవరినైన పంపితిమా అని ఆయన తన్ను తానే ప్రశ్నించుకొనిరి.

ఆ సిగ్గును ఆయన కన్నీటితో కడిగి ఊరకుండలేదు. 1903 ఫిబ్రవరిలో తిరునల్వేలి వారిచేత ఒక స్వదేశ మిషను సంఘమును స్థాపింపజేసిరి. తమ జనమే పోవలెను, తమ సొమ్మే వ్యయము కావలెను అనునవి దాని నియమములు. వారు ఎంచుకొన్న పొలమేది? మన తెలుగు నేలయే, నైజాము రాజ్యములోని డోర్నకల్లు. 1904లో వారి మొదటి సేవకుడు అచ్చటికి వచ్చెను. మ్యాపులో చూచిన యెడల అది అన్యదేశము కాదు. కాని భాష వేరు, రాజు వేరు, అన్నము వేరు, ఆచారము వేరు. తమిళ సీమ పల్లెనుండి వచ్చినవానికి డోర్నకల్లు అడవిపల్లె విదేశమే.

1905 డిసెంబరు 25న శ్రీరాంపూరులో నేషనల్ మిషనెరీ సొసైటీ స్థాపింపబడినప్పుడును అజరయ్యగారు ముందున్నవారిలో ఒకరు. 1909లో, ముప్పది అయిదేండ్ల వయస్సున, పట్టణములలోని పెద్ద ఉద్యోగము విడిచి, ఇతరులను పంపినచోటికే తామును పోయిరి. అక్షరాభ్యాసము చేయు బాలునివలె తెలుగు నేర్చుకొనిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికను సంఘమున బిషప్పయిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్లులోనే కన్నుమూసిరి. అప్పటికి ఆ అధ్యక్షఖండములోని క్రైస్తవులు రెండు లక్షలు దాటియుండిరి.

వీరందరికి సువార్త చెప్పినదెవరు? ఎక్కువగా పల్లెజనులే. అజరయ్యగారు బాప్తిస్మము పొందినవారిచేత తమ చేతిని తమ తలమీదనే పెట్టించి, సువార్త ప్రకటింపనియెడల తమకు శ్రమ యని ఒప్పుకొనజేసెడివారు. దూరమునుండి వచ్చిన మిషనెరీ తాను చేసిన పనితో తృప్తిపడక, తాను చేరిన ఊరివారినే పంపబడినవారినిగా చేసెను. విదేశ ప్రయాణము మంచిదో కాదో తెలిసికొనుటకు ఇదియొక గుర్తు.

నెల్లూరునుండి నేటాలునకు

అదే 1903వ సంవత్సరమున తెలుగు సంఘమును సముద్రము దాటెను. ఈ సంగతి మన పల్లెలలో మిక్కిలి తక్కువమందికి తెలియును గనుక కొంచెము విస్తరించి చెప్పెదను.

దక్షిణాఫ్రికాలోని నేటాలులో తెల్లవారు చెరకు తోటలు వేసిరి. కూలీలు చాలనందున మన దేశమునుండి ఒప్పందపు కూలీలను తెప్పించిరి. 1860 నవంబరు 16న మద్రాసు రేవునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ మొదటి కూలీలతో డర్బను చేరెను. 1911లో ఈ పద్ధతి నిలుచువరకు లక్షా యాబదివేల మందికి పైగా భారతీయులు ఆ దేశమునకు పోయిరి. వారిలో విశాఖపట్టణము, గోదావరి, నెల్లూరు, చిత్తూరు సీమల తెలుగువారు అనేకులు. ఐదేండ్ల ఒప్పందముపై వ్రేలిముద్ర వేసి పోయిరి; అచ్చటి బ్రతుకు కఠినము. తోట విడిచి బయటికి పోవుటకు చీటి కావలెను, పని తప్పినయెడల శిక్ష. ఇంటి జాబు చేరుటకు నెలలు పట్టెడిది.

ఆ కూలీలలో నెల్లూరు ఒంగోలు సీమల బాప్తిస్టు విశ్వాసులును ఉండిరి. వారు తమ మూటలతో పాటు తమ విశ్వాసమును గూడ తీసికొనిపోయిరి. కాపరి లేడు, తెలుగులో వాక్యము చెప్పువాడు లేడు. తమకొక కాపరి కావలెనని వారు స్వదేశపు సంఘమును వేడుకొనిరి. తెలుగు బాప్తిస్టుల హోమ్ మిషన్ సంఘము ఆ మొర ఆలకించి, నెల్లూరు సంఘమునకు చెందిన జాను రంగయ్యగారిని ఎన్నుకొనెను. ఆయన 1903లో భార్యాబిడ్డలతో నేటాలు చేరి, ఆ సంవత్సరము డిసెంబరులోనే కీర్స్‌నీ అను తేయాకు తోటల స్థలమున సంఘమును స్థాపించిరి. తోటనుండి తోటకు సంఘములను కట్టుచు పండ్రెండేండ్లు ప్రయాసపడి, 1915లో ఆ దేశములోనే మరణించిరి. ఆ సంఘములు నేటికిని నిలిచియున్నవి. అక్కడి మునిమనుమలలో తెలుగు మాట తరిగి, ఆరాధన ఎక్కువగా ఆంగ్లములో జరుగుచున్నను, వారి మొదటి ప్రార్థన తెలుగు ప్రార్థన.

ఒక్క లెక్క వేయుడి. వెల్లంపల్లి యొద్ద 2,222 మంది నీటిలోనికి దిగినది 1878లో. రంగయ్యగారిని సముద్రము దాటించినది 1903లో. నడుమ ఇరువదియైదేండ్లే. ఆ సంఘస్థులెవరు? కరవు చూచినవారు, చెప్పులు కుట్టినవారు, పరుల పొలములలో కూలి చేసినవారు. మొదట మాకు అన్నీ సమకూడవలెను, తరువాత పంపుదుమని వారు తలంచియుండినయెడల, నేటాలు గొఱ్ఱెలు కాపరిలేక చెదరిపోయెడివే. పేదరికము పంపకుండుటకు సాకు కాదని మనకు నేర్పినవారు అమెరికావారు కారు, మన నెల్లూరు ఒంగోలు కూలిజనులే.

లారీలు, ఓడలు

ఇప్పుడు ఆ ఓడ సంగతికి వత్తము. అమెరికాలోని న్యూజెర్సీలో ఒక ఇల్లాలు తన ఊరి ఉన్నత పాఠశాల విద్యార్థులు దేవునివారు కావలెనని ఏండ్ల తరబడి ప్రార్థించుచుండెను. వారిలో జార్జి వెర్వరు అను బాలునికి ఆమె యోహాను సువార్త పుస్తకము నొకటి పంపెను. అతడు 1955లో న్యూయార్కు నగరమున బిల్లీ గ్రాహాము గారి కూటములో ప్రభువును అంగీకరించెను. 1957లో, పందొమ్మిదేండ్లు నిండీ నిండని వయస్సున, ఇద్దరు తోటి విద్యార్థులతో కలిసి తమకున్న వస్తువులను అమ్మి, పాత లారీలో స్పానిషు సువార్త పుస్తకములు నింపుకొని, వేసవి సెలవులలో మెక్సికోకు పోయెను. అంతే ఆరంభము: ముగ్గురు పిల్లలు, ఒక లారీ, ఒక వేసవి.

ఆ వేసవి ప్రయాణములనుండి ఆపరేషన్ మొబిలైజేషన్ అను ఉద్యమము పుట్టెను. 1960 ప్రాంతముల వేసవులలో వందలు వేలుగా యౌవనస్థులు ఐరోపా దేశములలో తిరిగి పుస్తకములు పంచిరి. కొందరు పాత లారీలలో టర్కీ, ఇరాను, ఆఫ్ఘనిస్తాను, పాకిస్తాను మీదుగా మన దేశమునకు వచ్చిరి. బాటప్రక్కన పండుకొనిరి, రొట్టె పప్పు తిని గడిపిరి. మన దేశపు యౌవనస్థులు వారితో చేరి, ఊరూర నడిచి పుస్తకములు అమ్మిరి. వచ్చినవారిలో అనేకులు కొంతకాలమునకు వెళ్లిపోయిరి. మన పిల్లలు నిలిచి, ఆ పనిని తమ భుజములమీదికి ఎత్తుకొనిరి. ఆ ఉద్యమపు భారతదేశ శాఖకు మన మేడ్చల్ రోడ్డు నివాసమాయెను. కాలము గడిచినకొలది, పుస్తకము చదువరాని వానికి పుస్తకమిచ్చి ఏమి లాభమను ప్రశ్న వారికెదురాయెను. అందుచేత దళిత బిడ్డల కొరకు పాఠశాలలు పెట్టుట వారి పనిలో ముఖ్యభాగమాయెను. వీధిలో కరపత్రముతో మొదలైన సేవ పలకా బలపము దగ్గరకు వచ్చినదన్నమాట.

లారీకి మోయరానంత బరువైనప్పుడు వారు ఓడను తలంచిరి. 1949లో డెన్మార్కులో కట్టబడిన ఒక పాత ఓడను 1970లో కొని, దానికి లోగోస్ అని పేరు పెట్టిరి. అది వాక్యము అని అర్థమిచ్చు గ్రీకు మాట. 1971 ఫిబ్రవరిలో అది లండను విడిచి, ఆఫ్రికా చుట్టుకొని మన దేశమునకు వచ్చెను. తరువాత డూలోస్ అను మరియొక ఓడ చేరెను. అది 1914లో కట్టబడినది. 1977 మొదలు 2009 చివరి వరకు ఈ సేవలో తిరిగెను. 1988 తరువాత రెండవ లోగోస్ వచ్చెను. 2009 మొదలు లోగోస్ హోప్ అను ఓడ నడుచుచున్నది. వెర్వరు గారు 2023 ఏప్రిలులో ప్రభువునందు నిద్రించిరి.

ఓడమీద సేవయనగా ఏమి? దీనిని పంపగోరు తల్లిదండ్రులును, పోగోరు పిల్లలును తెలిసికొనవలెను. ఓడలోని వారందరు ప్రసంగికులు కారు. ఒకడు ఇంజను గదిలో నూనె తుడుచును. ఒకతె వందలమందికి ఉల్లిగడ్డలు కోయును. ఒకడు పుస్తకముల పెట్టెలు మోయును. ఒకతె మరుగుదొడ్లు కడుగును. అనేక దేశములవారు ఇరుకు గదులలో కలిసి పండుకొందురు. వారికి జీతము లేదు. ఒక్కొక్కరి ఖర్చును వారిని పంపిన సంఘమును, స్నేహితులును భరింపవలెను. ఇంటియందు తల్లి కంచము కడుగని కుమారుడు ఓడమీద లోకమును రక్షింపలేడు. మొదట వాడు మన ఆలయపు చాపలు దులిపి చూపవలెను.

ఖర్చు చెప్పకుండ పిలువరాదు

ప్రభువు తన శిష్యులను పిలుచునప్పుడు ఖర్చును దాచలేదు. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ఆయనే నేర్పెను (లూకా 14). కనుక నేనును దాచను.

1988 జనవరి మొదటి వారమున, దక్షిణ అమెరికా కొనయందలి బీగిల్ జలసంధిలో, రాత్రివేళ లోగోస్ ఓడ రాళ్లమీదికెక్కెను. పసిపిల్లలతో కలిపి 139 మంది దానిలో నుండిరి. చిలీ దేశపు నౌకాదళము సహాయమునకు వచ్చెను. ఒక్క ప్రాణమైనను పోలేదు. ఓడ మాత్రము తిరిగి తేలలేదు. పౌలు ఎక్కిన ఓడ మెలితే దగ్గర పగిలినట్లే జరిగెను: ఓడ పోయెను, జనము మిగిలిరి.

కాని అన్నివేళలను అట్లు జరుగదు. 1991 ఆగస్టులో డూలోస్ ఓడ ఫిలిప్పీన్సు దేశములోని జాంబోఆంగా రేవున ఉండెను. ఓడలోని యువజనులు తీరమున ఒక కార్యక్రమము జరుపుచుండగా వేదికమీద బాంబు పేలెను. ఇద్దరు పడుచు బిడ్డలు మరణించిరి: ఒకతె స్వీడనునుండి, ఒకతె న్యూజీలాండునుండి వచ్చినది. అనేకులు గాయపడిరి. ఆ బిడ్డల తల్లిదండ్రులును మన తల్లిదండ్రులవలెనే ఒకనాడు పంపాల్నా, వద్దా అని తర్కించుకొనియుందురు. వారికి మనము సులువైన జవాబు చెప్పజాలము. మంచివారికి కీడు రాదని చెప్పుట సువార్త కాదు. బిడ్డనిచ్చి లోకమును ప్రేమించిన తండ్రికి ఆ దుఃఖము తెలియునని మాత్రము చెప్పుదుము. చెప్పి, వారితో కూర్చుండి ఏడ్చెదము.

అందుచేత సంఘ పెద్దలారా, ఇతరుల బిడ్డలను ప్రసంగ వేదికమీదనుండి సులువుగా పిలువకుడి. పోవువాని యిల్లు గడచునా, వాని ముసలి తల్లికి మందులెవరు తెత్తురు, ఆపద వచ్చినయెడల ఎవరు పూచీ యని తెలిసికొనిన తరువాతనే వానిమీద చేతులుంచుడి. మరియొక మాట. అబద్ధముతో ఏ దేశము గుమ్మమును దాటరాదు. చూచిపోవుటకు వచ్చితినని వీసా పుచ్చుకొని, ఆ దేశపు చట్టము ఒప్పని పని చేయుట సత్యమునకు సాక్ష్యము కాదు. మన దేశములోనే మిషనెరీకి వేరు వీసా కలదు. ఏ దేశమునకు పోయినను దాని చట్టమును ముందుగా తెలిసికొని, ఒప్పుకొనిన పనినే చేయవలెను.

వెనుదిరిగిన మార్కు

అంతియొకయ పంపిన ప్రయాణములో ఒక యువసేవకుడు కూడ ఉండెను. అతడు బర్నబాకు దగ్గర బంధువైన మార్కు అను యోహాను. కుప్ర ద్వీపమువరకు పోయి, పంఫూలియలోని పెర్గే దగ్గర వారిని విడిచి యెరూషలేమునకు తిరిగిపోయెను. ఎందుకో లేఖనము చెప్పలేదు. ఇల్లు జ్ఞాపకము వచ్చెనో, కొండదారి చూచి భయపడెనో! మరుసటి ప్రయాణమునకు వానిని తీసికొనిపోనని పౌలు గట్టిగా చెప్పెను. తీసికొనిపోవుదునని బర్నబా పట్టుబట్టెను. ఇద్దరు పెద్ద అపొస్తలులు ఒక పిల్లవాని విషయమై విడిపోయిరి. కాని చివరి పత్రికలో, చెరసాలలోనుండి, ఆ మార్కు పరిచర్యకు తనకు ప్రయోజనకరుడు గనుక వెంటబెట్టుకొని రమ్మని తిమోతికి వ్రాసినవాడు ఆ పౌలే (2 తిమోతి 4).

మన సంఘములలో ఎవరైన నడుమ తిరిగివచ్చినయెడల, పెట్టిన డబ్బు వ్యర్థమాయెనని ఊరంతయు చెప్పుకొందుము. బర్నబావలె వానిని మరల చేర్చుకొను మనిషి ప్రతి సంఘమునకును కావలెను. అట్లే గర్వముతో తిరిగివచ్చినవాడును కలడు. విమానము, మంచు, ఎత్తైన భవనములు, ఫోటోలు. వాని సాక్ష్యములో ఆ దేశపు మనుష్యుని పేరు ఒక్కటైనను ఉండదు. వానిని గద్దింపకుడి. ఈ మూడు ప్రశ్నలు నెమ్మదిగా అడుగుడి. అక్కడ ఎవరి బాధ నీకు తెలిసెను? నీవు వచ్చిన తరువాత వారియొద్ద ఏమి మిగిలెను? ఇక్కడ మన ఊరిలో నీవు ఏమి చేయబోవుచున్నావు? ఈ మూడింటికి జవాబు చెప్పగలవాని ప్రయాణము వ్యర్థము కాలేదు.

మన గుమ్మము ముందటి విదేశము

మూడవ ప్రశ్నకు జవాబు దూరమున లేదు. నేటాలు తోటలకు పోయినవారివలెనే నేడు మన కరీంనగరము, నిజామాబాదు సీమల మనుష్యులు కువైటు, దుబాయి, దోహా పట్టణములకు పోవుచున్నారు. అక్కడ తెలుగు సంఘములు కూడుకొనుచున్నవి. కూలి ముగిసిన తరువాత అలసిన దేహములతో వచ్చి ప్రార్థించువారు వారు. విదేశ సేవకు పోగోరు యౌవనస్థుడా, వారిని ఎన్నడైన తలంచితివా?

మరియొకటి. మేడ్చల్, షామీర్‌పేటల చుట్టు ఇటుక బట్టీలలో ఒడిస్సానుండి భార్యాబిడ్డలతో వచ్చినవారు పనిచేయుచున్నారు. కర్మాగారములలో, కట్టడములలో బీహారు, జార్ఖండు యువకులున్నారు. వారికి మన భాష రాదు. ముందుగా పుచ్చుకొన్న బయానా తీరువరకు పని విడిచి పోలేరు. వారి బిడ్డలకు బడి దూరము. 1903లో కీర్స్‌నీ తోటలో మన తాతలు ఎట్లుండిరో, నేడు మన ఊరి పొలిమేరలో వారు అట్లున్నారు. మన తాతలయొద్దకు రంగయ్యగారు పోయిరి. వీరియొద్దకు ఎవరు పోవుదురు? సముద్రము దాటనక్కరలేదు, వీసా కానక్కరలేదు. ఒడియాలో నాలుగు మాటలు నేర్చుకొని, జ్వరముతో నున్న పసివానిని ఆసుపత్రికి తీసికొనిపోయినయెడల, అది అంతియొకయ ప్రయాణమే.

అట్లని విదేశమునకు పోవద్దని నేను చెప్పుటలేదు. ఊళ్లె చేసే పనే లేదా యని అడిగిన ఆ తల్లికి నా జవాబిది: ఊరిలో పని ఉన్నది, ఆ పని చేయువాడే దూరమునకు పంపదగినవాడు. బర్నబా సౌలులు అంతియొకయలో సంవత్సరమంతయు బోధించిన తరువాతనే పంపబడిరి. నీ కుమారుడు బట్టీల దగ్గరకు పోయి ఒక సంవత్సరము నమ్మకముగా పనిచేసినయెడల, సంఘము వానిమీద చేతులుంచవచ్చును. అప్పుడు నీవును పంపుము, అమ్మా. నీవు ఒంటరిగా పంపుటలేదు. సంఘము నీతో కలిసి పంపుచున్నది.

ఆ సంఘము పేదదైనను సరే. మిజోరాము స్త్రీలు 1910 మొదలు పూటపూటకు పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడు ఒక పిడికెడు బియ్యము వేరుగా తీసి దేవునికి పెట్టుచు, ఆ బియ్యముతో మిషనెరీలను పోషించుచున్నారు. పిడికెడు బియ్యపు కానుక మన తెలుగు స్త్రీలకును క్రొత్త కాదు. ఏ యింట ఆ పిడికెడు తీయబడుచున్నదో, ఆ యింటినుండి సెలూకయ రేవునకు బాట పోవుచున్నది. కోత యజమానుడు మన పల్లెలనుండి పనివారిని పంపును గాక. పంపు హృదయమును మనకు దయచేయును గాక. ఆమేన్.